శేషపర్వతం దాటితేనే కుమారపర్వతం

కుక్కె సుబ్రహ్మణ్యం అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేవి సర్పసంస్కారం, ఆశ్లేష బలి. పెళ్లి ఆలస్యమైందనో, పిల్లలు కలగలేదనో హైదరాబాదు నుంచీ కర్నూలు, అనంతపురాల నుంచీ ఎన్నో కుటుంబాలు దక్షిణ కన్నడ జిల్లాలోని ఆ ఊరికి వెళ్తుంటాయి. కుమారధార నదిలో మునకేసి, పూజ చేయించుకుని, గుళ్లో భోజనం చేసి తిరుగు బస్సెక్కుతాయి. ఊరి వెనక మబ్బుల్లో తల దాచుకున్న కొండను చూసి 'అబ్బ, ఎంత పచ్చగా ఉందో' అనుకునేవాళ్లే తప్ప దాని పేరు అడిగేవాళ్లు తక్కువ.

ఆ కొండే కుమారపర్వతం. పుష్పగిరి అనీ అంటారు. ఎత్తు 1712 మీటర్లు. గుడి దక్షిణ కన్నడలో ఉంటే శిఖరం కొడగు జిల్లాలోకి వస్తుంది. తారకాసురుణ్ని సంహరించాక కుమారస్వామి ఈ కొండకే వచ్చాడనీ, నెత్తురంటిన ఆయుధాన్ని ఇక్కడి నీటిలోనే కడిగాడనీ, అందుకే ఆ నది కుమారధార అయిందనీ స్థలపురాణం. ఇంద్రుడు తన కూతురు దేవసేననిచ్చి పెళ్లి చేసిందీ ఇక్కడేనట. సరే, దేవుడి సంగతి అలా ఉంచితే.. శనివారం తెల్లవారుజామున బెంగళూరు బస్సు దిగే కుర్రకారుకి గుడికన్నా ముందు కనిపించేది ఈ కొండే. వీపున సంచీ, కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర. వాళ్ల మాటల్లో కన్నడంతోపాటు తెలుగూ తరచూ వినిపిస్తుంటుంది.

అలాంటి ఓ తెలుగు బృందమే ఈ ఆరుగురూ. అందరూ బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. అందరికన్నా పెద్దాయన్ని మిగతావాళ్లు 'అన్నా' అంటారు. ఆయనకి కొండలెక్కడం పాత అలవాటు. ప్రయాణం ఏర్పాట్లన్నీ చూసింది మాత్రం గుంటూరమ్మాయి. రెండు నెలలుగా ఆమెకి ఇదే ధ్యాస. ఇక కర్నూలు కుర్రాడు రోజూ జిమ్‌కెళ్లే రకం. 'పదమూడు కిలోమీటర్లేగా' అనేశాడు, బస్సులోనే.

మెట్లుండవు.. కొట్లుండవు!

పదమూడే. కానీ అది ఒకవైపు లెక్క. అలిపిరి మెట్లెక్కినవాళ్లకి నడకంటే ఏంటో తెలుసు. తొమ్మిది కిలోమీటర్లు, 3550 మెట్లు. అయితే అక్కడ దారంతా నీడ, నీళ్లు, అడుగడుక్కీ తోటి భక్తులు. ఇక్కడ మెట్లూ లేవు, కొట్లూ లేవు. కుక్కె నుంచి శిఖరానికి 1500 మీటర్లకు పైనే ఎక్కాలి, చీకటి పడేలోగా దిగిపోవాలి. కొండమీద గుడారం వేసుకుని పడుకుంటామంటే కుదరదు, నిషేధం.

మొదటి అయిదు కిలోమీటర్లూ దట్టమైన అడవి. వేళ్లే మెట్లు. పొద్దెక్కినా నేలమీద ఎండ పొడ పడదు. గాలి ఆడదు, చెమట ఆరదు. దారిలో భీముడి పేరు పెట్టుకున్న పెద్ద బండ ఒకటి వస్తుంది, ఆగి ఊపిరి తీసుకోవడానికి. వానలు వెళ్లిన కొత్తలో వస్తే జలగలు తప్పవు. మేజోళ్లకు ఉప్పు రాసుకోవడం ఇక్కడి పాత చిట్కా. నవంబరులో వెళ్లిన ఈ ఆరుగురికీ ఉప్పు పొట్లం అడవి దాటకముందే ఖాళీ అయింది.

అడవి ఒక్కసారిగా అయిపోయి ఆకాశం కనిపించేచోటే గిరిగద్దె. తోట మధ్య ఒంటరి ఇల్లు, భట్టుగారిది. కన్నడంలో 'భట్టర మనె'. కుమారపర్వతం ఎక్కినవాళ్లలో ఈ ఇంటి పేరు తెలియనివాళ్లుండరు. దశాబ్దాలపాటు ఎందరో ఆకలితో ఇక్కడికి చేరి వేడి అన్నం, సాంబారు, మజ్జిగతో ప్రాణం నిలుపుకున్నారు. సరుకులన్నీ కింద నుంచి మోసుకురావాల్సిన చోట రోజూ అంతమందికి వండి వడ్డించడమంటే మాటలు కాదు. కొండెక్కినవాళ్లు శిఖరం గురించి రెండు మాటలు చెబితే ఆ సాంబారు గురించి నాలుగు చెబుతారు!

దగ్గర్లోనే అటవీశాఖ తనిఖీ కేంద్రం. ఇక్కడి నుంచి పుష్పగిరి వన్యప్రాణి అభయారణ్యం. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన పశ్చిమ కనుమల భాగాల్లో ఇదీ ఒకటి. 2024 జనవరిలో రిపబ్లిక్ డే సెలవులకి జనం ఎగబడి, కొండదారి మీద సినిమా హాలు ముందు క్యూలా బారులు తీరిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ తర్వాత ట్రెక్కింగ్ ఆపేసి, ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకున్న పరిమిత సంఖ్యకే అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చారు. ముందు చూపు లేకుండా బయల్దేరేవాళ్లకి ఇది ఇబ్బందే. కానీ ఏనుగులు తిరిగే అడవిలో ఆ మాత్రం కట్టడి ఉండాల్సిందే.

శిఖరం అనుకుంటే..

గిరిగద్దె దాటాక చెట్లుండవు. నడుమెత్తు గడ్డి, దానిమధ్య సన్నటి దారి, నెత్తిన ఎండ. ఎటు చూసినా పచ్చటి మడతలు మడతలుగా కనుమలు. చూడ్డానికి ఎంత బాగుంటుందో నడవడానికి అంత కష్టం. మధ్యలో చిన్న రాతి మండపం, 'కల్లు మంటప'. దగ్గర్లో దొరికే నీటితో సీసాలు నింపుకోవాలి. బరువనుకుని వదిలేస్తే పైన నాలుక పిడచకట్టుకుపోతుంది.

ఎదురుగా ఎత్తుగా కనిపించే కొమ్మును చూసి కొత్తవాళ్లంతా అదే శిఖరం అనుకుంటారు. ఉన్న శక్తంతా పెట్టి ఎక్కేస్తారు. ఎక్కాక తెలుస్తుంది, అది శేషపర్వతమని! ఓ పక్క నిట్టనిలువు లోయ. అసలు కుమారపర్వతం ఎదురుగా తాపీగా నిలబడి ఉంటుంది. అక్కడికి చేరాలంటే కష్టపడి ఎక్కిన ఎత్తులో కొంత మళ్లీ దిగాలి. చిట్టడవిలో దూరి, తడిసి జారే బండను చేతులతో పట్టుకుని పాకాలి.

కర్నూలు కుర్రాడికి శేషపర్వతం మీదే రెండు పిక్కలూ పట్టేశాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే నిలబడలేడు. టైము పదకొండు. 'ఒంటిగంటకి ఎక్కడున్నాసరే వెనక్కి తిరగాలి' అని పొద్దున్నే అందరితో ఒప్పించుకున్నారు అన్న.

'మీరు వెళ్లిరండన్నా, నేనిక్కడే కూర్చుంటా' అన్నాడు కుర్రాడు, తల పైకెత్తకుండా.

'ఒంటరిగా ఎవరూ కూర్చోరు. ఒకరు ఉండాలి. నేనుంటాను' అన్నారు అన్న.

కానీ ఆ బండను ఇంతకుముందు ఎక్కింది ఆయనొక్కరే. ఆయన రాకుండా మిగతావాళ్లు వెళ్లడం మంచిది కాదు. అందరూ వెనక్కి తిరగడమా, ఎవరైనా ఆగడమా? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి గుంటూరమ్మాయి సంచీ దించేసింది. 'నేనుంటాను. మీరు త్వరగా వెళ్లి రండి' అంది. టికెట్లు తీసిందీ, అందరినీ పోగేసిందీ ఆమే. శిఖరం చూస్తే ముక్కాలు గంట దూరంలో ఉంది. అన్న రెండుసార్లు అడిగారు. ఆమె అప్పటికే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ల సీసా కుర్రాడి చేతికిచ్చి, బూటు లేసులు విప్పుతోంది.

నలుగురు వెళ్లారు. శిఖరం మీద గోపురాలేమీ లేవు. పేర్చిన రాళ్ల గుట్టలు, చిన్న పూజాస్థలం, ఒళ్లు కోసే గాలి. మబ్బు వచ్చి అయిదు నిమిషాలు మనిషికి మనిషి కనపడకుండా చేసి, మళ్లీ తెర తీసినట్టు తొలగింది. లోయకి అవతల శేషపర్వతం అంచున రెండు చుక్కలు. ఒక చుక్క ఎర్ర దుపట్టా ఊపింది.

ఫొటోలు అక్కడ పెద్దగా తీసుకోలేదు. ఒంటిగంటకల్లా తిరిగొచ్చాక, కుమారపర్వతం వెనక కనిపించేలా శేషపర్వతం మీదే ఆరుగురూ కలిసి దిగారు.

ఎక్కడం గుండెకి పరీక్షయితే దిగడం మోకాళ్లకి. అడుగడుగునా చిన్నరాళ్లు జారతాయి, బొటనవేలు బూటుకి గుద్దుకుంటుంది. కుర్రాడి సంచీ ముగ్గురు పంచుకున్నారు. రెండు కర్రలూ అతనికే ఇచ్చారు. అందరికన్నా ముందు అతణ్నే నడిపించారు, వెనకవాళ్లు అతని అడుగుని బట్టి నడిచేలా. 'ఏమప్పా, పదమూడు కిలోమీటర్లేగా!' అని ఎవరో అంటే అతనూ నవ్వేశాడు.

అయిదున్నర దాటాక కుక్కె చేరారు. కుమారధారలో కాళ్లు పెట్టి కూర్చుంటే, నీళ్లు తగిలిన చోటల్లా జలగ కాట్లు చురుక్కుమన్నాయి. గుళ్లో సాయంత్రం పూజ గంటలు మొదలయ్యాయి.

రాత్రి బెంగళూరు బస్సులో అయిదుగురూ సీట్లో పడీపడకముందే నిద్రపోయారు. గుంటూరమ్మాయి మాత్రం ఫోను తీసి, జనవరిలో ఖాళీ తేదీలు వెతుకుతోంది. ఈసారి సోమవారపేట దగ్గరి బీదళ్లి వైపు నుంచి.. అటైతే దూరం సగమే.