దీపాలను ఆర్పిన కిలుము

వానాకాలంలో మీరెప్పుడైనా కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు కారులో వెళ్ళారా? జగిత్యాల, ధర్మపురి దాటాక రాయపట్నం వంతెన మీద గోదావరి కనిపిస్తుంది. అవతలి గట్టున లక్షెట్టిపేట. అక్కడినుంచి జన్నారం, కడెం, ఖానాపూర్, నిర్మల్‌ల మీదుగా దారి. జన్నారం చుట్టూ వున్నది కవ్వాల్ అడవి. దాన్ని 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఇక వానలంటారా, 2022 జులైలో కడెం ఆనకట్ట గేట్ల మీదుగానే వరద పొర్లిపోయింది!

ఒక వానరాత్రి మేము ఆ అడవిలో పోతున్నాము. రోడ్డు పల్లంలో నిలిచిన నీళ్ళలోంచి కారు బయటపడ్డ కాసేపటికి ముందు దీపాలు మసకబారి, ఆరిపోయాయి. చెట్టేదో, రోడ్డేదో తెలియదు. ఏ దుప్పి అడ్డం వస్తుందోనని భయం. చివరకు ఒక లారీ వస్తే, దాని వెనక ఎర్రదీపాన్ని చూసుకుంటూ మెల్లిగా ఖానాపూర్ చేరాము.

మర్నాడు మెకానిక్కు దీపాల తీగలు కలిసే కనెక్టరును వూడదీశాడు. లోపల రాగి ముళ్ళకు పచ్చటి పొడి పట్టి వుంది.

"కిలుము సార్! ఇంట్లో ఇత్తడి చెంబుకు పట్టేదే" అన్నాడు.

కనెక్టరుకు రబ్బరు మూత వుంటుంది గదా, నీరెలా దూరింది? ఒక గాజుగ్లాసులో కాస్త వేడినీళ్ళు పోసి, పారబోసి, వెంటనే చన్నీళ్ళ పళ్ళెంలో బోర్లించండి. కాసేపటికి నీరు గ్లాసులోకి కొంచెం ఎక్కుతుంది. లోపలి గాలి చల్లారి కుంచించుకుపోవటమే దీనికి కారణం. ఇంజను వేడికి కాగిన కనెక్టరు హఠాత్తుగా తడిస్తే సరిగ్గా ఇలాగే జరుగుతుంది: రబ్బరు ఏమాత్రం పాతబడ్డా, ఆ సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. పైగా తీగ ఎక్కడైనా చిట్లితే, లోపలి సన్నని పోగుల మధ్యనుంచి, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు నీరు పాకుతుంది.

రోడ్డు నీళ్ళలో మట్టీ, లవణాలూ వుంటాయి గనక వాటిగుండా విద్యుత్తు కొద్దికొద్దిగా పారుతుంది. అలా పారేటప్పుడు ధన విద్యుత్తు వుండే ముల్లులోని రాగి కరిగిపోతూ వుంటుంది. ఇది ఒక్కరాత్రి పని కాదు. ఎన్నో వానల పని. కిలుము విద్యుత్తును సరిగా పోనివ్వదు. అందుచేత దీపం మసకబారుతుంది, ముల్లు వేడెక్కుతుంది.

చింతపండుతో తోమితే సరి అనుకుంటున్నారా? ఆదిలాబాద్ ప్రాంతపు ఓజాలు పోతపోసే ఇత్తడి బొమ్మలకైతే అది బాగానే వుంటుంది. ఎందుకంటే, బొమ్మను కడిగి తుడవగలం. కనెక్టరులో మిగిలిన పులుపు మాత్రం రాగిని మళ్ళీ తినేస్తుంది.

మెకానిక్కు పాడైన ముళ్ళు తీసేసి కొత్తవి వేశాడు, కొత్త రబ్బరు తొడిగి, దానికి గ్రీజు రాశాడు. తరవాత తీగను కనెక్టరుకంటె కిందికి వుయ్యాలలా వేలాడేట్టు కట్టాడు. ఎందుకని అడిగాను.

"నీరు తీగ వెంబడి జారి, ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతుంది సార్. పైకి ఎక్కదు" అన్నాడు.