పెరటి మల్లె

మల్లె పూసేది ఎండల్లోనే అయినా, ఎంత పూసేదీ తేలిపోయేది చలికాలంలో, కత్తెర పడే రోజున. ముద్దుగా పెంచే ఇళ్లలో పొద ఏపుగా ఎదుగుతుంది, ఆకు నిగనిగలాడుతుంది, మొగ్గ మాత్రం కనపడదు. సాగుకు పెట్టిన రైతు ఆ పొరపాటు చెయ్యడు. ఏడాదిలో కొన్నాళ్లు మల్లెను ఎండగట్టి, మోడు చేసి, ఆ తరవాతే నీరూ ఎరువూ చూపిస్తాడు.

విజయవాడకు వాయవ్యంగా, కొండపల్లి కొండలకు అవతల ఉన్న మైలవరం ప్రాంతంలో మల్లె పెరటి మొక్కే కాదు, పొలం పంట కూడా. నిన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లాలో భాగమైన ఈ ఊరు 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. పేరుకు కృష్ణాతీరమే గాని, ఇది మెట్ట. డెల్టా కాలువలు ఇటు రావు. నీరు ఇంకిపోయే ఎర్రగరప నేలలు మామిడికి ఎంత నప్పాయో మల్లెకూ అంతే నప్పాయి. నదికి ఆవలి ఒడ్డున, మంగళగిరి దగ్గరి పెదవడ్లపూడి వైపు కూడా మల్లెతోటలున్నాయి. బెజవాడ పూల మార్కెట్టుకు రెండు వైపుల నుంచీ మొగ్గ చేరుతుంది.

డెల్టా రేగడిలో ఇల్లున్నవారికి మొదటి చిక్కు నీటితోనే. వానాకాలంలో నాలుగు రోజులు పాదులో నీరు నిలిస్తే మల్లె వేరు కుళ్లుతుంది, ఆకు పసుపు తిరుగుతుంది. అలాంటి చోట మూరెడు ఎత్తున మట్టిగట్టు పోసి దానిమీద నాటాలి. లేదా అడుగున చిల్లులున్న పెద్ద తొట్టిలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి పెట్టాలి. నేలలో అయితే అడుగున్నర గొయ్యి సరిపోతుంది. మొక్కకూ మొక్కకూ నాలుగడుగుల ఎడం ఉండాలి. వానలు పడ్డాక జూన్ నుంచి కార్తీకం దాకా ఎప్పుడు నాటినా బతుకుతుంది. చోటు ఎంచుకోవడంలోనే చాలామంది తప్పుతారు. గోడనీడన, కొబ్బరిచెట్టు కింద, బావి పక్కన మిగిలిన చోటు మల్లెకు ఇస్తారు. దానికి కావలసింది రోజుకు ఆరు గంటల సూటి ఎండ. డాబామీద తొట్టి పెట్టుకున్నవారికి ఈ విషయంలో కలిసొస్తుంది.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో రకాలు చూసి కొనుక్కోవాలి. రేకమల్లెకు రేకులు ఒక్క వరసే, తావి ఎక్కువ. మాల కట్టేవారికి ఇష్టమైనది గుండుమల్లె. దొంతరమల్లె, బొడ్డుమల్లె రేకుల మీద రేకులతో ముద్దగా ఉంటాయి, కాని పొదకు అన్ని పూలు రావు. ఇవన్నీ వృక్షశాస్త్రంలో ఒక్క జాతివే: జాస్మినమ్ సంబాక్. లిన్నేయస్ 1753లో దీన్ని పారిజాతం పక్కన చేర్చి పేరు పెట్టాడు. 1789లో ఎయిటన్ అక్కడినుంచి తీసి మల్లెల్లో కలిపాడు. ఫిలిప్పీన్స్‌కు 1934 నుంచి ఇదే జాతీయపుష్పం. మదురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మైలవరం మొగ్గకు అలాంటి పత్రమేదీ అక్కర్లేకుండానే బెజవాడలో గిరాకీ ఉంది. మల్లె లేని చలికాలంలో పూలకొట్లను కాగడా పూలు నడిపిస్తాయి గాని, తావిలో వాటికీ దీనికీ పోటీ లేదు.

ఇక అసలు పని. మల్లె పాతకొమ్మకు పూయదు. కొత్తగా వచ్చిన చిగురు చివర మూడేసి మొగ్గల గుత్తి వేస్తుంది, అందులో నడిమి మొగ్గ ముందు విచ్చుతుంది. అంటే ఎన్ని చిగుళ్లో అన్ని గుత్తులు. పొదంతా ఒక్కసారి చిగురించాలంటే ముందు అది నిద్రపోవాలి. అందుకే నవంబరు చివర నుంచి తడులు ఆపేస్తారు. ఆకు వాడి రాలడం మొదలవుతుంది. రాలని ఆకును చేత్తో దూస్తారు, కొన్నిచోట్ల గొర్రెలనో మేకలనో తోటలోకి తోలి మేపుతారు. డిసెంబరు చివరికి, మించితే సంక్రాంతి లోపల, కొమ్మలన్నీ నేలకు అడుగున్నర ఎత్తున కత్తిరించి, ఎండుపుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేస్తారు. పెరట్లో ఈ పనికి చెయ్యి రాదు. పచ్చగా ఉన్న చెట్టును మోడు చెయ్యడానికి మనసొప్పక, కొసలు మాత్రం గిల్లి వదిలేస్తారు. ఆ ఏడు పొద కొసన నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది.

కత్తిరించాక పాదు తవ్వి వారం పది రోజులు వేళ్లకు ఎండ తగలనిచ్చి, అప్పుడు ఎరువు వేసి నిండుగా తడి ఇవ్వాలి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు పొదకు ఏటా 10 కిలోల పశువుల ఎరువు, 60 గ్రాముల నత్రజని, 120 గ్రాముల చొప్పున భాస్వరం, పొటాష్. దుకాణం లెక్కలో ఇది సుమారు 130 గ్రాముల యూరియా, 750 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 200 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అవుతుంది. సగం కత్తిరింపు కాగానే, సగం జూన్-జూలైల్లో వేయాలి. తొట్టిలో మొక్కకు ఇందులో పావువంతే ఎక్కువ. యూరియా మోతాదు మించితే మళ్లీ ఆకే. పూత సాగినన్నాళ్లూ నీటికి లోటు రాకూడదు. పాదు పైపైన ఆరగానే మళ్లీ తడపాలి.

మొగ్గ కోసేది తెల్లవారుజామున. తెల్లగా నిండి ఇంకా విచ్చనిదాన్నే కొయ్యాలి, అది ఆ సాయంత్రానికి విచ్చుతుంది. పొద్దెక్కాక కోస్తే వాడుతుంది, ముందురోజు పచ్చిమొగ్గ కోస్తే విచ్చనే విచ్చదు. ఇంటివాళ్లకు ఇంత తొందర లేదు, సాయంత్రం కోసి అరటినారతో కట్టుకుంటే చాలు. రాత్రి విచ్చే ఈ గుణాన్ని చైనావాళ్లు తేనీటికి వాడుకున్నారు. మధ్యాహ్నం కోసిన మొగ్గలను ఆరిన తేయాకుతో కలిపి ఉంచితే, రాత్రంతా విచ్చుతూ తావిని ఆకుకు ఎక్కిస్తాయి. తెల్లారి పూలు ఏరేసి, కొత్త మొగ్గలతో మళ్లీ మొదలుపెడతారు. ఫూఝౌ నగరపు ఈ మల్లె-తేయాకు సాగును 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారసత్వ సాగుగా గుర్తించింది. తేయాకు చెట్టు కెమేలియాల్లో ఒకటి. పుల్లనేల, చల్లగాలి కోరే ఆ కెమేలియాలు మే నెలలో 45 డిగ్రీలు తాకే మైలవరంలో నిలవవు, మల్లెకు మాత్రం ఆ ఎండే పూతకాలం.

చీడల్లో పెరటివారు ముందు గుర్తించవలసింది మొగ్గ తొలిచే పురుగును. మొగ్గకు సన్నటి రంధ్రం కనబడితే లోపల ఆకుపచ్చ పురుగు ఉన్నట్టే. మొగ్గ ఊదారంగు తిరిగి విచ్చకుండా రాలితే అది మొగ్గ ఈగ పని. రెండింటికీ ఇంటి మట్టుకు మందు ఒకటే: చెడిన మొగ్గల్ని రోజూ ఏరి కాల్చడం, రాలినవి పాదులో మిగలనివ్వకపోవడం, సాయంత్రం వేళ వేపనూనె కొట్టడం. నడివేసవిలో ఆకు అడుగున ఎర్రనల్లి చేరి ఆకు పాలిపోతుంది, నీటిధారతో ఆకు అడుగు కడిగితే చాలావరకు పోతుంది. సున్నం పాలు ఎక్కువున్న నేలలో లేత ఆకు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పసుపు తిరిగితే అది ఇనుము లోటు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే తేరుకుంటుంది. అయినా తేరుకోకపోతే వేరు తవ్వి చూడాలి, తప్పు నీటిదో నులిపురుగుదో అయి ఉంటుంది.

సాకుతూ పోతే పొద పది, పదిహేనేళ్లు బాగా పూస్తుంది. మల్లెకు విత్తు కట్టడం అరుదు గనక కొత్తమొక్కకు అంటు తొక్కడమే ఆధారం. తొలకరిలో పక్కకొమ్మను వంచి, కణుపు దగ్గర కొద్దిగా చెక్కి, నేలలో తొక్కి రాయి పెడితే మూడు నాలుగు నెలల్లో వేరు పడుతుంది. అప్పుడు తల్లిమొక్క నుంచి కోసి, మట్టితో సహా తీసి నాటుకోవచ్చు.