ఇంద్రకీలాద్రి నీడలో ఒక సంవత్సరము

సంవత్సరాంతమున లాభనష్టములను లెక్కించుకొనుట లోకస్వభావము. వర్తకుడు లెక్కల పుస్తకమును చూచుకొనును. కృషీవలుడు గాదెను చూచుకొనును. క్రీడాకారుడు పతకములను ఎంచుకొనును. సాధకుడు మాత్రము వేరొక ప్రశ్న వేసికొనవలెను. ఈ యేట నాచే ఆచరింపబడిన కర్మ యెట్టిది? ఫలము లభించినపుడును, లభింపనపుడును నా చిత్తము ఎచట నిలిచినది? ఈ ప్రశ్నను వేదాంతగ్రంథములయందే గాక, మన కన్నుల యెదుట గడచిన ఒక సంవత్సరమునందు కూడ పరిశీలించుట మేలు. ఆ సంవత్సరము 2023. ఆ స్థలము విజయవాడ. ఆ కర్మను ఆచరించినది విలువిద్యా క్రీడాకారిణి వెన్నం జ్యోతి సురేఖ.

విజయవాడకును ధనుర్విద్యకును గల సంబంధము పురాతనమైనది. అర్జునుడు ఇంద్రకీలాద్రిపై తపస్సు చేసి పాశుపతాస్త్రమును పొందెననియు, విజయుడను అతని నామమునుండియే ఈ పురమునకు పేరు కలిగెననియు స్థలపురాణము చెప్పుచున్నది. అయితే భారతమున అరణ్యపర్వమందలి ఈ కథను శ్రద్ధతో పరిశీలించిన వారికి ఒక విశేషము గోచరించును. కిరాతవేషధారియైన పరమేశ్వరునితో జరిగిన యుద్ధమున అర్జునుడు జయింపలేదు. అతని అమ్ములపొదులు రిక్తములైనవి. గాండీవము చేజారినది. బాహుయుద్ధమునందును అతడు నేలకూలెను. అపుడాతడు మట్టితో శివలింగమును చేసి దానికి పూలమాలను సమర్పింపగా, ఆ మాల కిరాతుని శిరస్సుపై కానవచ్చెను. పాశుపతము లభించినది ఆ పిమ్మటనే. అనగా విజయుని పేర వెలసిన ఈ పురము యొక్క మూలకథ ఒక పరాజయ కథ. తన బలము నిశ్శేషముగా వ్యయమైన తరువాత కలిగిన శరణాగతియే అచట విజయమునకు ద్వారమైనది.

ఈ దృష్టితో సురేఖ జీవితమును చూడవలెను. 1996లో జన్మించిన ఆమె అతిబాల్యముననే కృష్ణానదిని ఈది లిమ్కా రికార్డుల పుస్తకమున స్థానము పొందెను. పిదప నీటిని విడిచి వింటిని చేపట్టెను. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో జట్టుతో కాంస్యము, 2018లో జకార్తాలో జట్టుతో రజతము లభించినవి. నడుమ 2017లో అర్జున పురస్కారము వరించినది. 2021లో అమెరికాలోని యాంక్టన్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో వ్యక్తిగత, జట్టు, మిశ్రమజట్టు విభాగములు మూడింటను ఆమె తుదిపోరుకు చేరెను. మూడింటను కొలంబియా వారి చేతిలోనే ఓడి, మూడు రజతములతో తిరిగివచ్చెను. మరుసటి యేట ఆసియా క్రీడల ఎంపికలో ఆమెకు జట్టున చోటే దక్కలేదు. కోవిడ్ కారణమున ఆ క్రీడలు 2023కు వాయిదాపడుటచే ఎంపికలు మరల జరిగినవి. ఆమెకు మరల అవకాశము కలిగినది. ఆ వాయిదా ఆమె పురుషకార ఫలము కాదు. కాని ఆ అవకాశము వచ్చునాటికి ఆమె అభ్యాసమును విడువకుండుట మాత్రము ఆమె పురుషకారమే.

ఆమె చేపట్టినది కాంపౌండ్ విల్లు. దాని కొనలయందు చక్రములుండును. నారిని పూర్తిగా లాగిన పిమ్మట వ్రేళ్లపై భారము మిక్కిలి తగ్గును. లక్ష్యము 50 మీటర్ల దూరమున నుండును; పది అంకెలనిచ్చు నడిమి వలయము యొక్క వ్యాసము 8 సెంటీమీటర్లు మాత్రమే. నారిని విడుచుటకు చేతియందు ఒక చిన్న మీట గల పరికరముండును. ఆ మీటను తటాలున నొక్కినచో చేయి అదరి బాణము పక్కకు పోవును. కావున వెన్ను కండరములను మెల్లమెల్లగా బిగించుచు, బాణము తనంతట తానే వెడలినట్లు వెడలవలెనని శిక్షకులు బోధింతురు. 'నేను విడుచుచున్నాను' అను భావము ఎంత ప్రబలమో గురి అంత చంచలము. కర్తృత్వాభిమానమును వీడుమని గీతాచార్యుడు చేసిన ఉపదేశమునకు ఇంతకంటె ప్రత్యక్షమైన దృష్టాంతము దొరకుట అరుదు. ప్రణవమును ధనుస్సుగను, ఆత్మను శరముగను భావింపుమన్న ముండకోపనిషత్తు సాధకునినుండి కోరినది బాహుబలమును గాదు, అప్రమత్తతను.

ఇక ఆ సంవత్సరమును చూతము. ఏప్రిల్ మాసమున తుర్కియేలోని అంటాల్యా ప్రపంచకప్పున ఆమె 72 బాణములకు 720లో 713 అంకెలు సాధించి నాటి ప్రపంచ రికార్డును సమము చేసెను. వ్యక్తిగతముగను, ఓజస్ దేవతలేతో కూడి మిశ్రమజట్టులోను స్వర్ణములను పొందెను. ఆగస్టున బెర్లిన్ ప్రపంచ పోటీలలో అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి మెక్సికోను 235-229తో ఓడించెను. ప్రపంచ విలువిద్యా పోటీల చరిత్రలో భారతదేశమునకు లభించిన ప్రథమ స్వర్ణమది.

పరీక్ష ఆ మరునాడు వచ్చినది. వ్యక్తిగత విభాగపు సెమీఫైనల్‌లో ఆమెకు ప్రత్యర్థి నిన్న తన పక్కన నిలిచి గెలిచిన అదితియే. అదితి వయస్సు పదునేడేండ్లు, సురేఖకు ఇరువదియేడు. సురేఖ 145-149తో ఓడెను. ఏండ్ల తరబడి కోరుకొన్న ప్రపంచ పీఠము తన కంటె పదేండ్లు చిన్నదగు బాలిక చేతిలోనికి పోవుచుండగా, అదేదినమున కాంస్యము కొరకు ఆమె మరల వింటిని ఎత్తవలసివచ్చెను. ఆ పోరున ఆమె వేసిన పదునైదు బాణములును నడిమి వలయముననే నాటినవి. 150కి 150. స్వర్ణాశ అప్పటికే గతించినది. ఆశ గతించినను అవధానము గతింపలేదు. గత బాణము యొక్క దుఃఖమును తరువాతి బాణము మోయలేదు. సుఖదుఃఖములయందు సమత్వమనగా భావశూన్యత కాదనియు, చేయుచున్న పనియందు చిత్తము చెదరకుండుటయనియు ఈ పదునైదు బాణములు తెలుపుచున్నవి.

అక్టోబరున చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో సెమీఫైనల్‌నందు మరల అదితియే ఎదురయ్యెను. ఈమారు సురేఖ 149-146తో గెలిచెను. 4వ తేదీన మిశ్రమజట్టు స్వర్ణము దక్షిణ కొరియాపై 159-158తో, 5వ తేదీన జట్టు స్వర్ణము చైనీస్ తైపేపై 230-229తో లభించినవి. 7వ తేదీన సో చేవోన్‌పై 149-145తో వ్యక్తిగత స్వర్ణము లభించినది. యాంక్టన్‌లో మూడు రజతములు. హాంగ్‌ఝౌలో మూడు స్వర్ణములు.

ఇచట సాధకుడు తొందరపడి 'కష్టమునకు ఫలము తప్పక వచ్చును' అని తీర్మానింపరాదు. రెండు స్వర్ణములు ఒక్కొక్క అంకె తేడాతో వచ్చినవి. ఎదుటివారి బాణమొకటి వెంట్రుకవాసి లోపల నాటియున్నచో ఫలము మారెడిది. ఆమె శ్రమ మాత్రము అణుమాత్రమును తగ్గెడిది కాదు. అందుకే గీతలోని పదునెనిమిదవ అధ్యాయము కర్మసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, దైవము అని ఐదు హేతువులను చెప్పినది. కర్త వానిలో ఒకడు మాత్రమే. పైగా కాంపౌండ్ విభాగమునకు నాడు ఒలింపిక్ క్రీడలలో స్థానమే లేదు; మిశ్రమజట్టు పోటీని 2028 క్రీడలలో చేర్చు నిర్ణయము 2025లో వెలువడినది. క్రీడాలోకము పరమఫలమని యెంచునది అందుబాటులోనే లేని విద్యయందు ఆమె యౌవనమంతయు వెచ్చించెను.

అదే సంవత్సరమున, అదే కృష్ణాతీరమున, మరియొక కర్మయోగము కూడ జరిగినది. ఆగస్టున వానలు ముఖము చాటువేయగా డెల్టా రైతు కాలువ నీటికై ఎదురుచూచి, నారు పోసి, ఊడ్చి, కలుపు తీసి, పైరును కంకివరకు తెచ్చుకొనెను. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. కోతకు వచ్చిన వరి నేలకొరిగినది. కోసిన పనలు నీట నానినవి. ఆ రైతు శ్రమలో లోపమేమున్నది? విలుకత్తెకు అనుకూలించిన ఐదవ హేతువు రైతుకు ప్రతికూలించినది. కర్మసిద్ధాంతము పతకము గెలిచినవారికి మాత్రమే చెప్పదగినదైనచో అది వట్టి స్తోత్రమగును. తడిసిన ధాన్యమును రోడ్డుపై ఆరబోయుచున్న వానికిని చెప్పదగినదైననే అది ధర్మము. వానికి మనము చెప్పవలసినది 'ఫలమును ఆశింపకుము' అను మాట కాదు. నష్టపోయిన వానికి చేయూతనిచ్చుట మన కర్మ. మరల నారు పోయుట వాని కర్మ. అతడు ఆ పనికి పూనుకొనుటలో, బెర్లిన్‌లో ఓటమి పిదప ఎత్తబడిన వింటిలో ఉన్న ధైర్యమే యున్నది.

సురేఖ ఆంతరంగిక విశ్వాసమును గూర్చి ఊహించుట మనకు తగదు; అది జీవునకును దేవునకును నడుమనున్నది. హాంగ్‌ఝౌ స్వర్ణము లభించిన ఎనిమిది దినములకు ఇంద్రకీలాద్రిపై దేవీ శరన్నవరాత్రులు ప్రారంభమైనవి. ఆ ఉత్సవములలో ఆయుధపూజ యొకటి కలదు. ఆనాడు వడ్రంగి ఉలికి, రైతు నాగలికి, డ్రైవరు బండికి పసుపుకుంకుమలు పెట్టుదురు. పూజింపబడునది పనిముట్టే గాని దానివలన వచ్చిన రాబడి కాదు. గడచిన యేటిని తలచుకొనునపుడు సాధకులు కూడ తమ చేతియందలి పనిముట్టును ముందుగా చూచుకొందురు గాక. అది త్రుప్పు పట్టక, రేపటి పనికి సిద్ధముగా నున్నచో, ఆ సంవత్సరము వ్యర్థము కాలేదు.