అన్నయ్య సైకిల్

మా చిన్నదానికి కొత్త వస్తువు దక్కడం అరుదు. అక్క గౌన్లు, అక్క స్కూల్ బ్యాగు, ఆఖరికి జామెట్రీ బాక్సు కూడా అక్కదే. జూన్‌లో తొమ్మిదో తరగతికి వెళ్తుంది కదా, సైకిల్ కావాలంది. మా బావగారి అబ్బాయి ఇంటర్‌కని విజయవాడ హాస్టల్లో చేరాడు, వాడి సైకిల్ వచ్చింది. బ్రేకులు, టైర్లు అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఒళ్లంతా మంటల బొమ్మలు, ఇంగ్లీషు అక్షరాలు, ముందు గొట్టం మీద పులి మొహం. చైన్ కవర్ మీద వాడి పేరు.

"ఎవరు చూసినా అన్నయ్య సైకిలే అంటారమ్మా" అంది.

"తొక్కేది పెడల్సా, స్టిక్కర్లా?" అన్నారు మా వారు. కొత్తది కొనడానికి ఇప్పుడు వీలు లేదని నాకూ తెలుసు. అయినా ఆ పిల్ల బాధ నాకు అర్థమైంది. పెళ్లయిన కొత్తలో అత్తవారింట్లో ప్రతి గిన్నె మీదా ఇంకెవరి పేరో ఉంటుంది చూడండి, అలాంటిదే అది.

స్టిక్కర్ తియ్యాలంటే ముందు దాన్ని వేడి చెయ్యాలి, అప్పుడే వెనక జిగురు మెత్తబడుతుంది. హెయిర్ డ్రయ్యర్ ఉన్నవాళ్లు దాంతో చేసుకోవచ్చు. మాకు లేదు, ఆ అవసరమూ పడలేదు. మే నెల, మా చిల్లకల్లు ఎండ! పదకొండింటికి సైకిల్‌ని అరగంట వాకిట్లో పెడితే చాలు, గొట్టం మీద చెయ్యి ఆనడం లేదు. తర్వాత నీడకి లాగి, అంచుని గోరుతో లేపి, ఆ కొసని వెనక్కి మడిచి, గొట్టానికి ఆనించి మెల్లగా లాగడమే. నిలువుగా గుంజితే ముక్కలుగా చిరుగుతుంది. గోరు చాలకపోతే పాత ఏటీఎం కార్డు ఉంది. చాకు జోలికి మాత్రం పోకండి, రంగు లేచిన చోట తుప్పు మొదలవుతుంది.

లేపడం, ఒలవడం, గీకడం, రుద్దడం, తుడవడం. ఎప్పుడో బీఏలో చదువుకున్న తెలుగు, ఆ మధ్యాహ్నం క్రియాపదాలన్నీ వరసగా పనికొచ్చాయి.

మిగిలిన జిగురుకి కొబ్బరినూనె రాసి, పావుగంట ఆగి, పాత బనియన్ గుడ్డతో రుద్దాం. ఆపైన సబ్బునీళ్లు. నూనె గుడ్డని చక్రం రిమ్ము దగ్గరికి రానివ్వకూడదు, బ్రేకు రబ్బర్లకి అంటితే ఇక బ్రేకు పట్టదు. పెద్దది గోళ్లరంగు రిమూవర్ తెచ్చింది. అందులో సాధారణంగా ఎసిటోన్ ఉంటుంది, జిగురుతోపాటు రంగునీ లాగేస్తుంది. వద్దన్నాను.

మంటలు పోయాయి, పులి పోయింది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కదల్లేదు. గోరుతో అడ్డంగా గీసి చూస్తే ఎక్కడా అంచు తగల్లేదు. అవి అంటించినవి కావు, అచ్చువేసి పైన వార్నిష్ పూసినవి. తియ్యాలంటే ఉప్పుకాగితం పట్టి, మళ్లీ రంగు వెయ్యాల్సిందే. అది మన వాకిట్లో అయ్యే పని కాదు, వదిలేశాం.

అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తున్నారు. మామయ్యగారి అట్లాస్ సైకిల్ గుర్తొచ్చింది ఆవిడకి. దాని మీద భూగోళాన్ని మోసే మనిషి బొమ్మ ఉండేదట. చైన్ కవర్ మీద తన పేరూ ఊరూ జగ్గయ్యపేటలో పెయింటర్ చేత పసుపు రంగుతో రాయించుకున్నారట. "కంపెనీ బొమ్మ వెలిసిపోయిందే కానీ ఆయన పేరు వెలవలేదు" అన్నారు. ఆ అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు! ఆ మాట చెబితే ఆవిడ "అయ్యో" అని, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వెనక ఎర్ర రిఫ్లెక్టర్ దగ్గర నాకూ చిన్నదానికీ పేచీ వచ్చింది. అదీ పీకేస్తానంటుంది. బడికి వెళ్లేది హైవే పక్క సర్వీస్ రోడ్డు మీద. హైదరాబాద్ బస్సులు, సిమెంటు లారీలు, టోల్‌గేట్ దాటగానే ఒకటే వేగం. ట్యూషన్ నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఈ ఒక్క విషయంలో నేను తగ్గలేదు. పైగా మడ్‌గార్డ్‌కి ఇంకో ఎర్ర రేడియం ముక్క అంటించాను. మూతి ముడుచుకుంది.

చివరికి చైన్ కవర్. పేరున్న స్టిక్కర్ సుళువుగానే వచ్చింది. కానీ చుట్టూ రంగు ఎండకి వెలిసింది, అక్షరాల కింద మాత్రం కొత్తగా, ముదురు ఎరుపు. స్టిక్కర్ లేకపోయినా వాడి పేరు చదవొచ్చు! నాకు ప్రాణం ఉసూరుమంది. అది మాత్రం వంగి చూసి, "అయితే మొదట్లో సైకిలంతా ఈ రంగేనా? బాగుంది కదమ్మా" అంది.

సాయంత్రం అక్క దగ్గర తెల్ల పెయింట్, సన్న బ్రష్ తీసుకుని అత్తయ్య పక్కన కూర్చుంది. పేరు ఇంగ్లీషులో రాయాలా తెలుగులోనా అని ఇద్దరూ ఒకటే చర్చ. ఊరి పేరు కూడా ఉండాలని అత్తయ్య పట్టు.