చిన్నదానికి చెప్పకు

అమ్మ పోయిన ఏడాదికి అక్కయ్యా నేనూ కలిసి అమ్మ కథ రాద్దామనుకున్నాం. తను డల్లాస్‌లో, నేను తెనాలిలో. అక్కయ్య కొడుకు సబ్‌వెర్షన్ అనే ఏర్పాటు చేసిపెట్టాడు. 2000లో మొదలైన సరుకట, ఇప్పుడు కుర్రాళ్ళంతా 2005లో వచ్చిన గిట్ వాడతారట; మాకిది చాలన్నాడు. అసలు ప్రతి సర్వర్లో ఉంటుంది. మా దగ్గర చెరొక నకలు. రాసింది కమిట్ చేస్తే అసల్లో చేరుతుంది. అప్‌డేట్ అంటే రెండోవాళ్ళు రాసింది మన నకల్లోకి వస్తుంది. తను పెళ్ళి ఘట్టం, నేను వంటిల్లు దిద్దుకున్నన్నాళ్ళూ రెండింటినీ అదే కలిపేసుకుంది. ఇంత సర్దుకుపోయే గుణం నా సంసారంలో చూడలేదు. (మా వారు ఇవి చదవర్లెండి!)

మొన్న పొద్దున్నే అప్‌డేట్ అనగానే ఫైలు పేరు పక్కన 'సి' అనే అక్షరం. కరెక్టని మెచ్చుకుందేమో అనుకున్నాను. ఫోన్ చేస్తే, "కాన్‌ఫ్లిక్ట్ పిన్నీ! తగాదా!" అన్నాడు.

తెరిచి చూద్దును కదా, ఒక పేరాకి పైన ఏడు బాణాలు, కింద ఏడు బాణాలు, నడుమ ఏడు సమానపు గుర్తులు. పైన నాది, కింద అక్కయ్యది. పక్కన మరో మూడు ఫైళ్ళు పుట్టుకొచ్చాయి: నేను దిద్దింది, అక్కయ్య పంపింది, ఇద్దరం దిద్దకముందుది. ఎంటర్ కొట్టేదాకా ఎంత రాసినా దానికి ఒకటే లైనట. నేనేమో పేజీడు పేరా ఊపిరి తిప్పుకోకుండా రాసే మనిషిని. ఒక్క వాక్యం దగ్గర పేచీ వస్తే పేరా మొత్తం పంచాయతీకెక్కింది.

ముందున్నది "నాన్న పోయాక అమ్మ చాలా కష్టపడింది" అనే చప్పటి వాక్యం. దాన్ని నేను "నాన్న పోయాక అమ్మ ఏనాడూ కంటతడి పెట్టలేదు" అని మార్చాను. అక్కయ్య "అమ్మ రోజూ రాత్రి బావిగట్టు మీద కూర్చుని ఏడ్చేది" అని మార్చింది.

నాకు ఒళ్ళు మండింది. "నాదే ఉంచమనే దారి లేదుట్రా?"

"ఉంది పిన్నీ. నీదే ఉంచమనొచ్చు, అమ్మదే ఉంచమనొచ్చు. నువ్వు రిజాల్వ్ అంటే తగువు తీరిందని నమ్మేస్తుంది. ఏది నిజమో దానికేం తెలుసు?"

అక్కయ్యకి చేశాను. అక్కడ రాత్రి.

"నీకప్పుడు తొమ్మిదేళ్ళే. నువ్వు నిద్రపోయాకే లేచి వెళ్ళేది. ఓసారి నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, 'చిన్నదానికి చెప్పకు' అంది. చెప్పలేదు."

ముప్ఫై ఆరేళ్ళు చెప్పలేదు!

బాణాలన్నీ చెరిపేశాను. నా వాక్యంలో "నేను చూస్తుండగా" అని చేర్చాను. ఎంటర్ కొట్టి దాని కింద అక్కయ్యది ఉంచాను. రిజాల్వ్ అనగానే ఆ మూడు ఫైళ్ళూ మాయం. కమిట్ చేసేటప్పుడు ఏం మార్చావో ఒక ముక్క రాయమంటుంది కదా.

"చిన్నదానికి తెలిసింది" అని రాశాను.