స్కానింగులో కనిపించే దిగులు, కనిపించని దిగులు

డిప్రెషన్ అని ఒకే పేరుతో పిలుస్తున్నా, తెల్లవారుజామునే మెలకువ వచ్చి ఉదయం పూట బాధ ముదిరే మెలాంకలిక్ రకమూ, అతిగా తింటూ అతిగా నిద్రపోతూ మంచి కబురు వింటే కాసేపు తేరుకునే ఎటిపికల్ రకమూ, అరవై దాటాక తొలిసారి తలెత్తే రకమూ మెదడులో ఒకేలా ఉండవన్న అనుమానం వైద్యులకు చాలాకాలంగా ఉన్నదే.

సాధారణ ఎం.ఆర్.ఐ.లో ఆ అనుమానానికి కాస్త ఆధారం దొరికేది చివరి రకంలోనే. రక్తపోటు, మధుమేహం వల్ల మెదడు లోతుల్లోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని, ముందుభాగాన్ని లోపలి కేంద్రాలతో కలిపే నరాల దారులు, అంటే శ్వేతపదార్థం, పాడైనచోట తెల్లని మచ్చలు కనిపిస్తాయి. 1997లో జార్జ్ అలెక్సోపౌలస్ బృందం దీనినే వాస్క్యులర్ డిప్రెషన్‌గా వర్ణించింది. బీపీ మాత్రలు ఎప్పుడో మానేసిన మిరప రైతు మార్కెట్ యార్డుకు తోలిన టిక్కీల (మిరప బస్తాల) లెక్క కూడా చూసుకోకుండా, ఏడవకుండా, దిగులుగా ఉందని చెప్పకుండా, మాటలోనూ నడకలోనూ మందగించినప్పుడు ఇంటివారు వయసు మీద పడిందనుకుంటారు గాని, అది ఈ రకమే కావచ్చు. దిగులు లేని వృద్ధుల్లోనూ కొన్ని మచ్చలుంటాయి కనుక ఫిల్ము ఒక్కటే నిర్ధారణ కాదు. అయితే ఇటువంటివారిలో డిప్రెషన్ మందులు తక్కువగా పనిచేసే అవకాశం ఉన్నందున బీపీ, షుగరు అదుపు చికిత్సలో భాగమే అవుతుంది.

పత్తి పోయి అప్పుల్లో పడిన నడివయసు రైతు విషయం వేరు. "స్కానింగులో ఏమీ లేదంటండీ" అని గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల్లో బంధువులు చెప్పేటప్పుడు ఊరట కంటె నింద ఎక్కువగా వినిపిస్తుంది. సాధారణ ఎం.ఆర్.ఐ. చూపేది మెదడు నిర్మాణాన్ని. పనితీరులోని తేడాను పట్టుకోవడానికి పరిశోధకులు గ్లూకోజు వాడకాన్ని కొలిచే పెట్ స్కానునూ, రక్తంలోని ఆక్సిజన్ మార్పులను పసిగట్టే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ.నీ వాడతారు. శరీరపు లోపలి స్థితిని గ్రహించే ఇన్సులా అనే భాగం కుడివైపున మందకొడిగా ఉన్నవారు మాటల చికిత్సకూ, చురుకుగా ఉన్నవారు ఎస్సిటలోప్రామ్ మాత్రకూ బాగా స్పందించారని హెలెన్ మేబర్గ్ బృందం 2013లో చూపింది. 2017లో మరొక బృందం మెదడు అనుసంధానాలను బట్టి నాలుగు రకాలను ప్రకటించగా, 2019లో వేరొక బృందం వాటిని మళ్లీ రాబట్టలేకపోయింది. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆరు రకాలన్నారు. గుంపుల సగటుల్లో కనిపించే ఇటువంటి తేడాలతో ఒక్క రోగికి రకం నిర్ణయించడం ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు. అప్పుచేసి మళ్లీ మళ్లీ స్కానింగు తీయించడం వల్ల అదనంగా తెలిసేదీ స్వల్పమే.

1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతుల ఆత్మహత్యలను చూసిన ప్రాంతం కనుక, ఇక్కడి వైద్యుడు నిద్ర, ఆకలి, చావు తలంపుల గురించి రోగిని సూటిగా అడుగుతాడు. ఆపైన పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఎక్కడ ఉన్నాయో, వాటి తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కుంటాడు.