చెప్పుకొనలేని జబ్బు

మా అన్నగారికి సంతలో బేరమాడుటకు తమిళము చాలినంత వచ్చెడిది. ఇంట మాటలాడుటకు తెలుగుండెను. మలముతో నెత్తురు పడుచున్నదని వైద్యునితో చెప్పుటకు మాత్రము వారికి ఏ భాషయు చాలలేదు. 2018 లో హోసూరులోని ఒక ఆసుపత్రికి పోవుచు, తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుని దుబాసిగా వెంటబెట్టుకొనిరి. తీరా పిల్లవాని యెదుట నోరు రాక, "కడుపునొప్పి" యని మాత్రమే చెప్పించిరి. వైద్యుడు అరుగుదలకు మందు వ్రాసి యిచ్చెను. ఆయనను తప్పుపట్టలేము, వినినదానికే కదా మందు.

ఇంటికడ అడిగినవారికి "మొలలే" యనెడివారు. మేమును "వేడి చేసినది, మజ్జిగ పుచ్చుకొనుము" అని సలహా చెప్పితిమి. పద్మమునకు ఇరువది పర్యాయపదములు చెప్పగల తెలుగు పండితులము! ఎనిమిది నెలలకు గాని అసలు పేరు తెలియలేదు: పెద్దప్రేగు క్యాన్సరు. అప్పటికే కాలేయమునకు ప్రాకినది. 2019 లో, 48వ యేట, అన్నగారు గతించిరి.

పిమ్మట ఈ జబ్బును గూర్చి దొరికినదెల్ల చదివితిమి. పెద్దప్రేగునకు, దాని చివరనున్న పురీషనాళమునకు వచ్చు క్యాన్సరు 2022 లో ప్రపంచమున సుమారు 19 లక్షలమందికి క్రొత్తగా కనబడినది. 9 లక్షలమంది మరణించిరి. అమెరికా, ఐరోపాలతో పోల్చిన మన దేశమున ఇది తక్కువే. వృద్ధుల జబ్బని పూర్వమనుకొనెడివారు. కాని అమెరికాలో 1990ల నుండి 50 ఏండ్లు నిండనివారిలో ఇది పెరుగుచునే యున్నది. అచ్చట 1990 ప్రాంతమున పుట్టినవారికి, 1950 ప్రాంతమున పుట్టినవారికంటె పెద్దప్రేగు క్యాన్సరు ముప్పు రెండింతలని లెక్కతేల్చిరి. అందుచే 2021 లో పరీక్ష మొదలిడు వయస్సును 50 నుండి 45కు దింపిరి.

వలసవచ్చిన వారి సంతతి మగుటచే మమ్ము నిలిపివేసిన సంగతి యొకటి కలదు. జపానునుండి హవాయి దీవులకు తరలిపోయిన కుటుంబములలో ఒకటి రెండు తరములకే ఈ జబ్బు మిక్కిలి హెచ్చినది. నెత్తురు మారలేదు, కంచము మారినది, బ్రదుకుతీరు మారినది. మద్యము, పొగత్రాగుట, స్థూలకాయము, కదలక కూర్చుండుట దీనికి తోడ్పడును. ఉప్పు వేసియు పొగపట్టియు నిలువచేసిన మాంసము క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి క్యాన్సరు పరిశోధనాలయము 2015 లో ప్రకటించెను. పొట్టుతీయని ధాన్యములలోని పీచు కొంత కాపాడును. అట్లని రాగిసంకటి తినువారికి ఇది రాదని మేము చెప్పజాలము. అన్నగారు జీవితమంతయు సంకటియే తినిరి.

ఈ జబ్బు సాధారణముగా ప్రేగులోపలి చిన్న కండమొలకతో ఆరంభమగును. వైద్యులు పాలిప్ అందురు. అది క్యాన్సరుగా మారుటకు తరచుగా పదేండ్లు పట్టును. ఆలోగా గొట్టము పంపి చూచు కొలనోస్కోపీతో కనుగొని, అప్పుడే తీసివేయవచ్చును. తోబుట్టువులకు, బిడ్డలకు ముప్పు అధికము గనుక వారు 40వ యేటనో, రోగికి జబ్బు కనబడిన వయస్సునకు పదేండ్లు ముందో, ఏది ముందైన అప్పుడు పరీక్ష చేయించుకొనవలెను.

మేము ఆలస్యముగా, క్రిందటి యేడు పోయితిమి. అన్నగారి కుమారుడే తోడు వచ్చెను. వైద్యుడు కుటుంబమున ఎవరికైన నున్నదా యని ప్రశ్నింపగా, మేము గొంతు సవరించుకొనునంతలో, నాడు తండ్రి తనచేత చెప్పింపని మాటను అతడే తమిళమున, తలయెత్తి, స్పష్టముగా చెప్పెను. మా ప్రేగున రెండు కండమొలకలు కనబడగా తీసివేసిరి. అతని పేర కూడ ఒక చీటి వ్రాసి యిచ్చిరి: 38వ యేట పరీక్ష.